చల్లని పొయ్యి

బయట మైనస్ ముప్పై నాలుగు.
ట్రక్కు తొట్టిలో అగాథా మంక్‌మన్ గారి కట్టెల పొయ్యి,
నూట అరవై కిలోల పోత ఇనుము, మూడు పట్టీలతో బిగించి.
ముందు నేను, చేతులకు రెండేసి తొడుగులు.

షాపులో సిగుర్డ్‌సన్ ముందే చెప్పాడు:
"తెర మీద కనపడేది దూరం కాదు, ఆశ.
రెండు వందల పది అంటుంది. నూట పది అనుకో.
ఎదురుగాలి ఉంటే అదీ అనుకోకు."

ఎదురుగాలే.
సరస్సు మీంచి నేరుగా వస్తోంది, అడ్డం ఒక్క చెట్టు లేదు.
నేను పన్నెండు కిలోమీటర్లు వచ్చేసరికి
తెర ముప్పై కోసేసుకుంది.
వడ్డీవ్యాపారి కూడా కాస్త మొహమాటపడతాడు.

హీటర్ ఆపేశాను.
సీటు వెచ్చదనం మాత్రం ఉంచుకున్నాను, దానికి ఖర్చు తక్కువ.
వీపుకి మే నెల, మోకాళ్ళకి జనవరి.
నా ఊపిరే అద్దం లోపల పేరుకుని గడ్డకడుతోంది.
కిరాణా కార్డుతో గీకి
అరచెయ్యంత కిటికీ చేసుకున్నాను.
మానిటోబా మొత్తం అందులో పట్టింది.

ఇరవై ఏళ్ళు డీజిల్ బండి తోలాను గాని
మంచుకి ఇన్ని గొంతులున్నాయని తెలీదు.
సున్నా దగ్గర మెత్తగా నలుగుతుంది.
ఇరవై కింద కరకరమంటుంది.
ముప్పై దాటాక టైరు కింద కొత్త చెప్పుల్లా కిర్రుమంటుంది.
వెనక పొయ్యి తలుపు గడియ వదులు;
గుంట పడ్డప్పుడల్లా టంగుమంటుంది.
ఈ బండికున్న ఇంజను చప్పుడు అదొక్కటే.

రోడ్డుకి అడ్డంగా ఒక మూస్.
మేం వచ్చిన సంగతి దానికి వినపడలేదు.
బ్రేకు తొక్కాను.
మామూలు రోజుల్లో బ్రేకు తొక్కితే బ్యాటరీకి నాలుగు చుక్కలు తిరిగొస్తాయి.
ఇవాళ పుచ్చుకోనంది,
పండక్కి అలిగిన కొత్తల్లుడిలా.
మూస్ వెళ్ళేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం, ఏమీ రాక.

నాలుగున్నరకే చీకటి.
దీపాలు మసకేశాయి. దిగి చూస్తే వాటి మీద మంచు అట్టలు కట్టింది.
కరిగించేంత వేడి ఆ కొత్త దీపాలకి లేదు.
మోచేత్తో తుడిచాను.
వెనక్కి వెళ్ళి పట్టీలు చూస్తూ పొయ్యిని ముట్టుకున్నాను.
తొడుగు దానికి అతుక్కుపోయింది.
నిప్పు కోసం పుట్టిన వస్తువు ఇంత చల్లగా ఉండగలదా అనిపించింది.

తెర మీద పంతొమ్మిది మిగిలుండగా అగాథా గారి ఇల్లు.
ఎనభై ఒకటేళ్ళ మనిషి, గుమ్మంలో శాలువాతో.
"పొయ్యి వచ్చిందా," అంది. కాసేపాగి, "నువ్వూ వచ్చావా."
మేనల్లుడు లూసియెన్ పలకలు వేసి దించాడు.
గొట్టం బిగించేసరికి ఎనిమిదైంది.

వాకిట్లో ఒక కొయ్య స్తంభం, దానికో ప్లగ్గు.
చనిపోయిన భర్త తన పాత ఫోర్డు కోసం పాతుకున్నాడట.
ఈ దేశంలో పెట్రోలు బండ్లు కూడా
రాత్రంతా తీగ కరుచుకునే పడుకుంటాయి;
మూతిలోంచి వేలాడే తీగ చూసి ఇక్కడెవరూ నవ్వరు.
నా బండినీ దానికే తగిలించాను.
సెలైన్ ఎక్కుతున్న రోగిలా
చుక్క చుక్క తాగుతూ పడుకుంది.

పొద్దున చూస్తే ఇరవై మూడు.
పన్నెండు గంటల కరెంటుకి నాలుగు కిలోమీటర్లు.
మిగతాదంతా తాను గడ్డకట్టకుండా ఉండటానికే తాగేసింది.

అదే చెప్పాను అగాథా గారితో.
ఆవిడ కెటిల్ దించుతూ అంది:
"నా పింఛనూ అంతే."

షాపు ఎనభై ఎనిమిది కిలోమీటర్లు.
రేపటికి చలి కాస్త తగ్గుతుందని రేడియో.
పొయ్యి మాత్రం ఎర్రగా ఉంది, ఆకలిగా ఉంది.
రాత్రే గంపెడు కట్టెలు తినేసింది.

గొడ్డలి ఎక్కడుందని అడిగాను.